కాకతీయ ప్రతాపరుద్రుడు – నాయంకర సేన

కాజీపేట నుండి బల్లార్షా వైపు సాగిపోయే రైలుమార్గంలో సిర్పూర్ కాగజ్‌నగర్ అనే స్టేషను కలదు. ఆ పేరు వినగానే మనకు కాగితపు మిల్లు జ్ఞప్తికి వస్తుంది. అయితే ఆ పేరులోని సిర్పూరుకు మిల్లుకంటె ఎంతో ప్రాచీనమైన చరిత్ర ఉన్నది. 1309వ సంవత్సరం చివరిభాగంలో ఢిల్లీ నుండి బయలుదేరిన ఒక మహాసైన్యం ఓరుగల్లును చేరడానికి ముందు ఒక సరిహద్దు కోటను ముట్టడించింది. ఆ దండయాత్రను పారసీక భాషలో వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ కోటను సర్బర్ అని పేర్కొన్నాడు. ఆ సర్బరే మన సిర్పూరు అని చరిత్రకారులు గుర్తించినారు. మొన్నటి వరకు ఆదిలాబాదు జిల్లాలో భాగమై, 2016 నుండి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరిన ఆ ఊరు ఒకనాడు కాకతీయ సామ్రాజ్యానికి ఉత్తరపు గడపగా నిలిచింది.

ఆ గడప లోపల రాజ్యమేలిన చివరి ప్రభువు ప్రతాపరుద్రుడు. ఆయన పేరు ఎరుగని తెలుగువాడు ఉండడు. కాని ఆయన కథను మనం సాధారణంగా రెండు ముక్కలుగా చదువుకొంటున్నాము. తెలుగు, సంస్కృత శాసనాలలో ఒక సగం ఉన్నది. అమీర్ ఖుస్రో, బరనీ, ఇసామీ, అఫీఫ్ వంటివారి పారసీక గ్రంథాలలో మరొక సగం ఉన్నది. ఒక భాష మాత్రమే తెలిసినవానికి సగం కథయే దక్కుతుంది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాల వార్షిక సంచికలో ఆ రెండు సగాలను కలిపి చెప్పడం ఉచితమని భావించి ఈ వ్యాసానికి పూనుకొన్నాము. ప్రతాపరుద్రుని జీవితాన్ని ఆయన సేనానిర్మాణం ద్వారా చూడాలన్నది మా ఉద్దేశం. ఆ సేన ఎట్లు ఏర్పడినది, ఎందుకు గెలిచినది, ఎందుకు ఓడినది, ఓడిన తరువాత ఏమైనది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే ఆ రాజు జీవితం మనకు చాలవరకు అర్థమైనట్లే.

అమ్మమ్మ ఒడిలో రాజ్యం

ప్రతాపరుద్రుడు రాణి రుద్రమదేవికి మనుమడు. రుద్రమ కుమార్తె ముమ్మడమ్మకు, మహాదేవునికి జన్మించినవాడు. రుద్రమదేవికి పుత్రసంతానం లేనందున ఈ దౌహిత్రునే ఆమె కుమారునిగా స్వీకరించి, రాజ్యానికి వారసునిగా పెంచినది. స్త్రీ సింహాసనం ఎక్కడాన్ని సహించలేని సామంతులను అణచి, దేవగిరి యాదవులను ఎదిరించి నిలిచిన రాణి పెంపకంలో పెరిగిన బాలునికి యుద్ధవిద్యతోపాటు మరొక విద్య కూడ అబ్బి ఉండాలి. ఎవరిని నమ్మవలెను, ఎవరిని ఎంతవరకు నమ్మవలెను అన్నదే ఆ విద్య.

ఆయన వారసత్వంగా పొందిన సేన సామాన్యమైనది కాదు. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించి తెలుగుదేశంలో అధికభాగాన్ని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినాడు. ఏనుగుల దళానికి అధిపతిగా గజసాహిణి, గుర్రపు దళాలకు సాహిణులు, కాల్బలానికి నాయకులు ఉండేవారు. గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనాని నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించినాడంటే ఆనాటి సేనానులు ఖడ్గం మాత్రమే ఎరిగినవారు కారని తెలుస్తున్నది. మరొక సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడిని నిర్మింపజేసినాడు. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరిన ఆ ఆలయానికి చేరువలోనే రామప్ప చెరువు కలదు. సేనాని కట్టించిన గుడిని మనం చూస్తాము, మెచ్చుకొంటాము. గుడి ప్రక్కన చెరువు ఎందుకున్నదని మాత్రం అడగము. ఆ చెరువే కాకతీయ సేనకు పునాది అని ముందు ముందు విశదమౌతుంది.

రాజును ప్రాణంగా భావించే లెంకలు అనే వీరులు వీరందరికంటె భిన్నమైనవారు. ప్రభువుతోనే బ్రతుకు, ప్రభువుతోనే చావు అని ప్రతినబూనినవారు వీరు. అంగరక్షకులు, లెంకలు మున్నగువారు గొప్ప వంశాలలో పుట్టకపోయినా తమ శౌర్యం చేత, విశ్వాసం చేత రాజసన్నిధికి చేరినవారు. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలపు శాసనాలలో ఇట్టివారి పేర్లు ఎక్కువగా కనబడటం ఒక విశేషం. పాత సామంతవంశాల పలుకుబడి తగ్గి, రాజుకు నేరుగా కట్టుబడిన కొత్తవారి పలుకుబడి పెరిగిందని దాని అర్థం.

అంబదేవుడు నేర్పిన పాఠం

ఈ మార్పుకు ఒక బలమైన కారణం ఉన్నది. కాయస్థ వంశీయులు గణపతిదేవుని కాలంలో అశ్వసేనానులుగా కాకతీయుల కొలువులో చేరి, దక్షిణాన విశాలమైన ప్రాంతానికి అధిపతులైనారు. అన్న తరువాత తమ్ముడు ఆ ప్రాంతాన్ని అనుభవించడంతో, ఆ నేల రాజు ఇచ్చినదన్న మాట క్రమంగా మరుగున పడింది. గుర్రాలు వారివి, రౌతులు వారివారు, కోటలు వారివి. ఆ వంశంలోని అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగబడి స్వతంత్రుడైనాడు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్లలో లభించిన 1289 నవంబరు నాటి శాసనం రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి పొందినట్లు తెలుపుతున్నది. అంబదేవునితో జరిగిన పోరాటంలోనే ఆమె అసువులు బాసినదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుని ముందు ఈ విధంగా మొదటి కర్తవ్యం సిద్ధంగా ఉన్నది. అమ్మమ్మ మరణం గుండెలో ఉండగా ఆయన తొందరపడలేదు. 1291లో ఏకకాలంలో పలు దిక్కులకు సేనలను నడిపించినాడు. ఒక సేన త్రిపురాంతకం వైపు నడచి అంబదేవుని దెబ్బతీసింది. మరొకటి నెల్లూరు వైపు సాగింది. ఇంకొకటి గోన విఠలుని నాయకత్వంలో పడమటికి సాగి యాదవుల నుండి కోటలను గెలుచుకొన్నది. 1294లో విఠలుడు రాయచూరు కోట గోడలో నిలిపిన శాసనశిల నేటికీ ఉన్నది. సుమారు 41 అడుగుల పొడవున్న ఆ ఏకశిలను బండిపై ఎట్లు లాగితెచ్చినారో చూపే చిత్రం కూడ అక్కడ చెక్కబడి ఉన్నది.

అంబదేవుడు ఓడినాడు. అయితే అతని వంటివాడు మరల పుట్టకుండ ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ప్రతాపరుద్రుడు ఇచ్చిన సమాధానమే నాయంకర విధానం.

నాయంకరం అనగా నేమి?

ఈ విధానాన్ని ప్రతాపరుద్రుడే కనిపెట్టినాడని అనలేము. రుద్రమదేవి కాలంలోనే దీనికి బీజం పడినది. దానిని రాజ్యమంతటా విస్తరింపజేసినవాడు మాత్రం ప్రతాపరుద్రుడే. దీని స్వరూపం క్లుప్తంగా ఇట్లుంటుంది. రాజు ఒక నాయకునికి కొన్ని గ్రామాలను ఒప్పగిస్తాడు. ఆ గ్రామాల రాబడి నుండి నాయకుడు నిర్ణీత సంఖ్యలో కాల్బలాన్ని, గుర్రాలను, ఏనుగులను పోషించవలెను. రాజాజ్ఞ రాగానే ఆ బలంతో వచ్చి నిలువవలెను. గ్రామాలు నాయకుని సొత్తు కావు; రాజు ఇచ్చినవి, రాజు మార్చగలవి.

ఇందులో మూడు ప్రయోజనాలు కలవు. మొదటిది, రాజు కోశాగారంపై భారం తగ్గుతుంది. రెండవది, ఒక్క కాయస్థ వంశం చేతిలో ఉండిన బలం పదులకొద్ది నాయకుల నడుమ పంచబడుతుంది. ఏ ఒక్కడూ రాజును ధిక్కరించేటంత పెద్దవాడు కాలేడు. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. తన బంట్లకు అన్నం పెట్టవలసిన నాయకుడు తన పల్లెలను పండించుకొనక తప్పదు. అడవి నరకడం, చెరువు త్రవ్వించడం, కొత్త ఊరు కట్టించడం అతనికి ధర్మకార్యాలే కాక సైనికావసరాలు కూడ అయినవి. కడప, కర్నూలు సీమలలోని అనేక గ్రామాల కైఫీయతులు, ప్రతాపరుద్రుని కాలంలో అడవులు కొట్టి ఊళ్లు కట్టినారని నేటికీ చెప్పుతున్నవి. చెరువు సేనకు పునాది అని పైన అన్నది ఇందుకే.

ప్రతాపరుద్రుని క్రింద 77 మంది నాయకులు ఉండిరనీ, ఓరుగల్లు కోటకు గల 77 బురుజులను తలా ఒకటి చొప్పున కాపాడిరనీ తరువాతి కాలపు ప్రతాపరుద్ర చరిత్రము చెప్పుతున్నది. వారందరూ ఒకే కులం వారన్న వాదం కూడ ఆ కోవలోనిదే. శాసనాలు మాత్రం వేరుగా పలుకుతున్నవి. నాయంకరులుగా శాసనాలలో కనిపించేవారు నానా వర్గాలవారు. రాతికోటకు నేడు మనకు లెక్కకు వచ్చే బురుజులు 45. కనుక 77 అన్న సంఖ్యను లెక్కగా కాక స్మృతిగా గ్రహించడం మేలు. ఒక్కొక్క బురుజుకు ఒక్కొక్క నాయకుడు బాధ్యుడన్న భావం జనం మనసులో నాటుకొనిపోయింది. ఆ భావంలో మాత్రం సత్యమున్నది.

ఆ కోట నిర్మాణం కూడ సేనానిర్మాణంలో భాగమే. గణపతిదేవుడు రాతిగోడను ప్రారంభింపగా, రుద్రమదేవి దానిని ఎత్తు పెంచి, దాని వెలుపల మట్టిగోడను కట్టించినది. రెండింటికీ అగడ్తలు గలవు. ఆ మట్టిగోడ ఎంతటి గట్టిదంటే ఉక్కు ఈటె కూడ దానిలో దిగదన్న భావంతో అమీర్ ఖుస్రో వర్ణించినాడు. శత్రుపక్షపు కవి నోట వచ్చిన ఈ ప్రశంసకు విలువ ఎక్కువ.

రోము, ఢిల్లీ, ఓరుగల్లు

సేనను పోషించే సమస్య ఒక్క కాకతీయులదే కాదు. ప్రపంచంలో ప్రతి రాజ్యం దీనిని ఎదుర్కొన్నది. పెద్దపల్లి ప్రాంతంలోని పెద్దబంకూరు త్రవ్వకాలలో రోమక నాణేలు లభించినవి. ఆ నాణేలు పంపిన రోము తన సేనను లీజియన్లుగా విభజించింది. ఒక లీజియనులో సుమారు 5000 మంది, దానిలో పది కోహర్టులు, ప్రతి కోహర్టులో 80 మంది గల శతదళాలు ఉండేవి. క్రీస్తుపూర్వం 107లో మారియస్ అనే సేనాని భూమి లేని పేదలను కూడ సేనలో చేర్చుకొన్నాడు. అది మొదలు సైనికులు తమకు భూమి ఇప్పించే సేనానివైపు చూడసాగినారు. తత్ఫలితంగా క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజరు తన సేనతో రోముపైకే నడచి రాగలిగినాడు. దీనిని గుర్తించిన అగస్టస్ చక్రవర్తి క్రీస్తుశకం 6లో సైనికుల విశ్రాంతి వేతనం కొరకు ప్రత్యేక కోశాగారాన్ని నెలకొల్పినాడు. సైనికుని చూపును సేనాని నుండి రాజ్యం వైపు త్రిప్పడమే దాని ఉద్దేశం.

ఢిల్లీలో అలాఉద్దీన్ ఖిల్జీ అనుసరించినది కూడ దాదాపు ఇదే మార్గం. సైనికునికి జాగీరు బదులు కోశాగారం నుండి నగదు జీతం ఇచ్చినాడు. ఆశ్వికునికి సంవత్సరానికి 234 టంకాలని బరనీ వ్రాసినాడు. ఆ జీతంతో సైనికుడు బ్రతుకగలిగేటట్లు ధాన్యం మొదలు గుర్రం వరకు బజారు ధరలను కట్టడి చేసినాడు. గుర్రాలకు దాగ్ అనే ముద్ర, సైనికులకు హులియా అనే ఆనవాళ్ల పట్టిక ఏర్పరచి మోసాలను అరికట్టినాడు. దారిపొడవునా తపాలా ఠాణాలు నిలిపి, సేన ఎక్కడున్నా దాని వార్త తనకు చేరేటట్లు చేసుకొన్నాడు.

ఈ రెండింటికి ఓరుగల్లుకు గల భేదం ఇప్పుడు సులభంగా గ్రహించవచ్చును. ఢిల్లీ సైనికుని అన్నం సుల్తాను కోశాగారంలో ఉన్నది. కాకతీయ సైనికుని అన్నం అతని నాయకుని పల్లెలో ఉన్నది. ఒకటి తల బలంగా గల సేన. మరొకటి వేళ్లు బలంగా గల సేన. ఈ రెండు సేనలు ఇరవై ఏండ్లపాటు ఒకదానితో ఒకటి తలపడినవి. ప్రతాపరుద్రుని శేషజీవితమంతా ఆ పోరాటమే.

ఉప్పరపల్లి నుండి సిర్పూరు వరకు

1303లో ఢిల్లీ సేన మొదటిసారి తెలుగుదేశంపైకి వచ్చింది. అది తూర్పు మార్గాన వచ్చి, వర్షకాలపు కష్టాలకు లోనై, ఓటమి పొంది, నష్టపోయి మరలిపోయింది. నేటి కరీంనగర్ ప్రాంతంలోని ఉప్పరపల్లి వద్ద కాకతీయ నాయకులు ఆ సేనను ఓడించినారనీ, వారిలో పోతుగంటి మైలి ముఖ్యుడనీ వెలుగోటివారి వంశావళిని బట్టి తెలుస్తున్నది. అలసిన శత్రువును తమకు తెలిసిన నేలపై, తమ పల్లెల నడుమ ఎదుర్కొనడంలో నాయంకర సేనకు సాటి లేదని ఆ విజయం చాటింది.

ఆరేండ్ల తరువాత మలిక్ కాఫూరు వచ్చినాడు. ఈసారి సేన దేవగిరి మార్గాన, సకల సన్నాహాలతో వచ్చింది. సిర్పూరు కోటలోనివారు లొంగక పోరాడినారనీ, గెలుపు అసాధ్యమని తోచినపుడు పలువురు అగ్నికి ఆహుతియైనారనీ అమీర్ ఖుస్రో గ్రంథం వలన తెలుస్తున్నది. 1310 జనవరిలో ఢిల్లీ సేన హనుమకొండను చేరి ఓరుగల్లును చుట్టుముట్టింది. ఒక రాత్రి కాకతీయ ఆశ్వికులు వెలుపలికి దూకి శత్రుశిబిరంపై దాడి చేసినారు. కాని రాళ్లు విసిరే మంజనీఖుల దెబ్బలకు మట్టిగోడ క్రమంగా బలహీనపడింది. నెలకు పైగా సాగిన ముట్టడిలో వెలుపలి కోట శత్రువశమైనది.

ప్రతాపరుద్రుడు సంధి కోరినాడు. మెడలో గొలుసు గల తన బంగారు ప్రతిమను లొంగుబాటుకు గుర్తుగా పంపినాడని ఖుస్రో వ్రాసినాడు. వంద ఏనుగులు, 7000 గుర్రాలు సమర్పించి, ఏటేటా కప్పం కట్టడానికి అంగీకరించినాడని బరనీ లెక్క. ఈ 7000 గుర్రాల మాటను మనం తేలికగా తీసికొనరాదు. మేలుజాతి గుర్రం దక్కనులో అరుదు. ఒక్క సంధితో అన్ని గుర్రాలు చేజారిపోవడమంటే సేన కాళ్లు విరిగినట్లే. పల్లె సైనికుని ఇస్తుంది, ధాన్యాన్ని ఇస్తుంది, గుర్రాన్ని ఇవ్వలేదు. నాయంకర విధానంలోని మొదటి లోపం ఇక్కడ బయటపడింది.

తలవంచిన రాజు, తల ఎత్తిన రాజ్యం

ఈ లొంగుబాటును కొందరు పిరికితనమన్నారు. మేము ఏకీభవింపజాలము. కోటలోని ప్రజల ప్రాణాలు కాపాడుకొని, కాలం కొనుక్కొనడం కూడ రాజధర్మమే. ఆ కొనుక్కొన్న కాలాన్ని ప్రతాపరుద్రుడు వ్యర్థం చేయలేదు. నెల్లూరు సీమలో తిరుగబాట్లను అణచినాడు. 1316లో ఆయన సేనాని ముప్పిడి నాయకుడు కంచిని పట్టుకొన్నాడు. ఉత్తరాన కప్పం కట్టుతూ, దక్షిణాన రాజ్యం విస్తరింపజేసిన విచిత్రమైన కాలమది. విద్యానాథుడు తన అలంకారశాస్త్ర గ్రంథానికి ఈ రాజునే నాయకునిగా నిలిపి ప్రతాపరుద్రీయమని పేరు పెట్టినాడు. మారన తన మార్కండేయ పురాణాన్ని ఈ రాజు సేనాని అయిన గన్నయకు అంకితమిచ్చినాడు. ఈ గన్నయ పేరును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. ఆయనతో మనకు మరల పని ఉన్నది.

అలాఉద్దీన్ 1316లో మరణించగా ఢిల్లీలో అలజడి చెలరేగింది. కప్పం నిలిచిపోయింది. 1318లో ఖుస్రోఖాన్ అనే సేనాని వచ్చి ముట్టడించి కప్పం వసూలు చేసుకొనిపోయినాడు. 1320లో ఢిల్లీలో తుగ్లక్ వంశం వచ్చింది. కప్పం మరల ఆగింది.

రెండు ముట్టడులు

1321లో గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును ముట్టడించినాడు. ఈయనయే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ప్రసిద్ధికెక్కినాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. కోట లొంగలేదు. ఇంతలో ఢిల్లీ నుండి తపాలా రావడం ఆగిపోయింది. సుల్తాను మరణించినాడన్న పుకారు శిబిరంలో లేచింది. సేనానులు ఒకరినొకరు అనుమానించి ఎవరి దారిన వారు బయలుదేరినారు. కోటలోనివారు వెలుపలికి వచ్చి తరుమగా ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనుకంజ వేసినాడు. తల బలంగా గల సేనకు తల నుండి వార్త రాకపోతే ఏమౌతుందో ఆ సంఘటన చూపింది.

ఓరుగల్లులో ఆనందం వెల్లివిరిసింది. యుద్ధం ముగిసినదన్న నమ్మకంతో ప్రతాపరుద్రుడు విందులు చేసినాడనీ, కోటలోని ధాన్యపు నిల్వలను అమ్మనిచ్చినాడనీ ఒక కథనం గలదు. ఇది ఆయన జీవితంలోని పెద్ద పొరపాటు. కాని ఈ పొరపాటు ఒక్క మనిషిది కాదు, విధానానిది కూడ. నెలల తరబడి కోటలో చిక్కుబడిన బంట్లు తమ పల్లెలకు పోవలెనని, నాగలి పట్టవలెనని ఆశించడం సహజం. పల్లెల రాబడి మీద బ్రతికే సేనను పల్లెకు దూరంగా ఎల్లకాలం నిలుపలేము. నాయంకర విధానంలోని రెండవ లోపమిది.

ఉలుగ్ ఖాన్ 1323లో మరల వచ్చినాడు. ఈసారి బీదరు, బోధను కోటలను ముందే పట్టుకొని, వెనుకదారిని భద్రం చేసికొని వచ్చినాడు. అయిదు నెలల ముట్టడికి ఓరుగల్లు ఆకలితో అలమటించింది. కోట పడిపోయింది. ప్రతాపరుద్రుడు బందీ అయినాడు. ఓరుగల్లుకు సుల్తానుపురమని పేరు మారింది.

బందీని ఢిల్లీకి పంపినారు. ఆయన ఢిల్లీ చేరలేదు. నర్మదానదీ తీరంలో కన్నుమూసినాడని విలస శాసనం తెలుపుతున్నది. స్వేచ్ఛగానే ప్రాణాలు విడిచినాడన్న సూచన 1423 నాటి కలువచేరు శాసనంలో కలదు. అఫీఫ్ కూడ ఆయన దారిలోనే మరణించినాడని వ్రాసినాడు. తెలుగు శాసనం, పారసీక గ్రంథం ఒక్కటై పలికిన విషయాలలో ఇది ఒకటి. ముప్పదినాలుగేండ్లు రాజ్యమేలిన ప్రభువు జీవితం ఒక పరాయి నది ఒడ్డున ముగిసింది.

రాజు లేని సేన

సాధారణంగా చరిత్ర పుస్తకాలు ఇక్కడ అధ్యాయం ముగిస్తవి. కాని సేన కథ ముగియలేదు.

తల బలంగా గల సేన తల పోతే చెదరిపోతుంది. ప్రతాపరుద్రుని సేనకు తల పోయినా వేళ్లు పోలేదు. కోటలు శత్రువశమైనవి, పల్లెలు, చెరువులు, వాటిని నమ్ముకొన్న బంట్లు, బంట్లను నమ్ముకొన్న నాయకులు అట్లే ఉండిపోయినారు. ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తరువాత కాపయ నాయకుడు వారిని కూడగట్టినారు. కాపయను 75 మంది నాయకులు కొలిచినారని కలువచేరు శాసనం చెప్పుతున్నది. 1336 ప్రాంతంలో కాపయ ఓరుగల్లును మరల పట్టుకొన్నాడు. కోట పడిన పదమూడేండ్లకే, ఏ రాజాజ్ఞా లేకుండ, ఏ కోశాగారం జీతమూ లేకుండ ఈ కార్యం జరిగింది. కాపయ ధరించిన బిరుదు ఆంధ్రసురత్రాణుడు. సుల్తాన్ అన్న పదమే సురత్రాణమై తెలుగు నాయకుని బిరుదులో చేరడం గమనింపదగినది. పోరాడుకొన్నవారు కూడ ఒకరి మాట ఒకరు నేర్చుకొన్నారు.

ఇక గన్నయ మాట. 1323లో ప్రతాపరుద్రునితోపాటు చిక్కిన తెలంగాణ ప్రముఖుడొకడు ఇస్లాం మతం స్వీకరించి మలిక్ మక్బూల్ అయినాడని అఫీఫ్ వ్రాసినాడు. మారన కావ్యాన్ని అంకితం పొందిన గన్నయయే ఈ మక్బూల్ అని పలువురు చరిత్రకారుల నిర్ణయం. ఆయన చదువుకొన్నవాడు కాకపోయినను బుద్ధికుశలత చేత ఒక్కొక్క మెట్టు ఎక్కినాడు. కాపయ ఓరుగల్లును పట్టినపుడు సుల్తాను పక్షాన అక్కడ అధికారిగా ఉండి, కోట విడిచి వెళ్లినవాడు మలిక్ మక్బూలే అని బరనీ రచన వలన తెలుస్తున్నది. ఒకే రాజ్యంలో పుట్టిపెరిగిన ఇద్దరు ఒకే కోటకు ఇరువైపులా నిలిచినారన్నమాట. అందులో ఎవరిని నిందింపగలము? 1351లో ఫిరోజ్ షా సుల్తానైన పిదప మక్బూల్ ఖాన్-ఇ-జహాన్ అనే బిరుదుతో ఢిల్లీ సామ్రాజ్యానికి వజీరైనాడు. సుల్తాను దండయాత్రలకు పోయినపుడు రాజధానిని నమ్మకంగా కాపాడినాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గాకు సమీపంలో ఆయన సమాధి ఉన్నది. ఆ నగరంలోని అష్టభుజాకార సమాధులలో అదే మొదటిదని శిల్పచరిత్రకారులు చెప్పుదురు. తిలంగానీ అన్న పేరు ఆయనను సమాధి వరకు విడువలేదు.

ప్రతాపరుద్రుని విధానం అక్కడితో ఆగలేదు. విజయనగర రాజులు దానిని స్వీకరించి అమరనాయంకరమనే పేరుతో పెంపొందించినారు. ఒక రాజ్యంతోపాటు అంతరించవలసిన ఏర్పాటు మరొక సామ్రాజ్యానికి వెన్నెముక అయింది.

ముగింపు

ప్రతాపరుద్రుని మనం ఓడిన రాజుగా తలచుకొంటున్నాము. ఆయన ఓడినాడు, నిజమే. ఆయన సేనకు గుర్రాలు చాలలేదు, నిల్వలు చాలలేదు, దీర్ఘకాలం ఒకచోట నిలిచే ఓపిక చాలలేదు. ఆ లోపాలను దాచవలసిన పని లేదు. కాని సైనికుని అన్నాన్ని పల్లెతోను, చెరువుతోను ముడివేసిన ఆయన ఏర్పాటు ఆయన మరణాన్ని కూడ దాటి నిలిచింది. అదే ఏర్పాటు ఆయనను ఓడించింది, అదే ఆయన ప్రజలను నిలబెట్టింది. ఒక పద్ధతిలోని గుణమూ దోషమూ ఒకే వేరునుండి పుట్టుతవని ఈ జీవితం మనకు నేర్పుతున్నది. సంస్థలు నడిపేవారు, మన కళాశాల సంఘం వంటి చిన్న సంస్థ నడిపేవారు సైతం, ఆలోచింపదగిన విషయమిది. అంతా ఒక్క తల మీద ఆధారపడిన సంస్థ వేగంగా నడుస్తుంది. ఆ తల పోతే నిలిచిపోతుంది. పలువురి వేళ్లు గల సంస్థ మెల్లగా నడుస్తుంది, పడినా చిగురిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! ఓరుగల్లు కోటను మీలో చాలమంది చూచి ఉంటారు. సిర్పూరును చూచినవారు తక్కువ. సెలవులలో ఒకమారు అక్కడికి పోయిరండి. పోయేటపుడు తెలుగు చదివినవారు ఉర్దూ చదివిన మిత్రుని, ఉర్దూ చదివినవారు తెలుగు చదివిన మిత్రుని వెంట తీసికొనిపొండి. ఒకరు శాసనాలలోని మాట చెప్పండి, ఒకరు ఖుస్రో చెప్పిన మాట చెప్పండి. ఏడువందల యేండ్ల క్రిందట ఆ గోడకు ఇరువైపులా నిలిచినవారి కథ అప్పుడు మీకు ఒక్కటిగా వినబడుతుంది. ఈ వ్యాసం వ్రాసిన మాకు అంతకుమించిన ఫలమక్కరలేదు.